'ఏరా' అని పిలిచేవారు ఇంకా ఎంతమంది?



మన సంఘంలో డెబ్బై దాటిన పెద్దలు చాలామంది చేతికి ఇప్పుడు స్మార్ట్‌ఫోన్ వచ్చింది. అందులో కుటుంబం గ్రూపు ఒకటి, సంఘం గ్రూపు ఒకటి, వాటితోపాటు కాలేజీ స్నేహితుల గ్రూపు ఒకటి ఉంటోంది. ఏభై ఏళ్ళ కిందట ఒకే బెంచీ మీద కూర్చున్నవాళ్ళు ఫోనులో మళ్ళీ ఒకచోట చేరారు. పొద్దున లేవగానే పూల బొమ్మలు, శుభోదయాలు. మధ్యాహ్నం మోకాళ్ళ నొప్పులకు చిట్కాలు. సాయంత్రం ఎవరి మనవడి పుట్టినరోజో. మధ్యలో ఎప్పుడో ఒకసారి, మన ఫలానా ఇక లేడన్న కబురు. ఇంట్లో పిల్లలు ఇదంతా చూసి నవ్వుకుంటున్నారు. "నాన్నగారికి ఇదో కాలక్షేపం" అంటున్నారు.

మా అభిప్రాయం వేరు. ఈ వయసులో చదువుకున్న నాటి స్నేహితుల కబుర్లు పట్టించుకోవడం ఒక బాధ్యత. రోగిని చూడబోవడం, దుఃఖంలో ఉన్నవారి పక్కన కూర్చోవడం ఎలాంటి పనులో ఇదీ అలాంటి పనే. పని అన్నాక దానికొక పద్ధతి ఉండాలి. ఇప్పుడు జరుగుతున్న తీరులో ఆ పద్ధతి కనబడడం లేదు. మనిషి పోయాక కబురు పరుగెత్తుతోంది. మనిషి ఉండగా కదలడం లేదు. ఈ సంగతే ఈ వారం మీ ముందు పెట్టదలిచాము.

ఈ పెద్దలు ఏ కాలంలో చదువుకున్నారో చిన్నవాళ్ళకు తెలియదు గనుక ముందు రెండు మాటలు. పి.యు.సి. పోయి, 1969-70 నుంచి మన రాష్ట్రంలో రెండేళ్ళ ఇంటర్మీడియట్ మొదలైంది. 1969లో తెలంగాణలో ఉద్యమం వచ్చింది. ముల్కీ నిబంధనలు చెల్లుతాయని 1972 అక్టోబరులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పాక, ఇటు కోస్తాలోనూ రాయలసీమలోనూ జై ఆంధ్ర ఉద్యమం రేగింది. కాలేజీలు నెలల తరబడి మూతబడ్డాయి, పరీక్షలు వెనక్కు పోయాయి. చదువు ఉంటుందో ఊడుతుందో తెలియని ఆ రోజుల్లో కలిసి తిరిగినవాళ్ళే ఇప్పటి మన డెబ్బై ఏళ్ళ పెద్దలు.

వాళ్ళలో చాలామంది తమ ఇంట్లో మొట్టమొదటిసారి కాలేజీ గడప తొక్కినవాళ్ళు. గుంటూరులో 1885 నుంచి ఉన్న ఆంధ్ర క్రైస్తవ కళాశాల, బందరులో 1843లో రాబర్ట్ నోబుల్ గారు పెట్టిన బడి నుంచి ఎదిగిన నోబుల్ కాలేజీ, ఆడపిల్లల కోసం ఏలూరులో 1953లో వచ్చిన సెయింట్ థెరిసా కాలేజీ, ఇలాంటి చోట్ల పల్లెటూరి పిల్లలు చేరారు. హాస్టలులో చోటు దొరకనివాళ్ళు నలుగురు కలిసి గది తీసుకునేవారు. ఊరి నుంచి తొలి బస్సులో క్యారేజీ వచ్చేది. ఒకడి క్యారేజీ రాని రోజున మిగతా ముగ్గురూ గిన్నెలు మధ్యకు జరిపేవారు. ఫీజు కట్టలేని వాడికి ఎవరో ఒకరు సర్దేవారు. ఆ బాకీలు కొన్ని ఇప్పటికీ తీరలేదని, తీర్చమని అడిగినవాడూ లేడని మన పెద్దలే నవ్వుతూ చెబుతుంటారు.

తర్వాత అందరూ చెదిరిపోయారు. ఒకరు బ్యాంకు, ఒకరు రైల్వే, ఒకరు బడిపంతులు, ఒకరు మిలిటరీ, ఒకరు తండ్రి పోయి చదువు మానేసి వ్యవసాయం. కొన్నాళ్ళు పోస్టుకార్డులు, నీలం రంగు ఇన్‌లాండ్ లెటర్లు నడిచాయి. దూరాన ఉన్నవాళ్ళతో మాట్లాడాలంటే ట్రంకు కాల్ బుక్ చేసి పోస్టాఫీసు అరుగు మీద గంటల తరబడి కూర్చోవలసి వచ్చేది. మరీ అవసరమైతే టెలిగ్రాము. టెలిగ్రాము వచ్చిందంటే కాగితం విప్పకముందే ఇంట్లో ఏడుపు మొదలయ్యేది. ఆ టెలిగ్రాము సేవ కూడా 2013 జులైలో ఆగిపోయింది. పెళ్ళిళ్ళు, పిల్లలు, బదిలీలు, ఇళ్ళ అప్పులు వచ్చి పడేసరికి ఉత్తరాలు ఎప్పుడో ఆగిపోయాయి. ముప్పై ఏళ్ళు, నలభై ఏళ్ళు ఎవరు ఎక్కడున్నారో ఎవరికీ తెలియలేదు.

ఆడవాళ్ళ సంగతి మరీ కష్టం. పెళ్ళితో ఇంటిపేరు మారింది, ఊరు మారింది. కాలేజీ రిజిస్టరులో ఉన్న పేరుతో వెతికితే ఆమె దొరకదు. మన సంఘంలోనే ఒక తల్లి ఉన్నారు. ఆమె బి.ఎస్సీ. చదివారని ఆమె కోడలికే ఈ మధ్య దాకా తెలియదు. ఎవరో పాత స్నేహితురాలు వెతుక్కుంటూ ఫోను చేసి, "ఏమే, నేనే" అని పేరు చెప్పినప్పుడు ఆ తల్లి కాసేపు మాట్లాడలేకపోయారట.

ఆ పిలుపులోనే అసలు విషయమంతా ఉంది. డెబ్బై అయిదేళ్ళ మనిషిని ఈ లోకంలో 'ఏరా' అని పిలిచేవారు ఎంతమంది ఉంటారు? తల్లిదండ్రులు పోయారు. మేనమామలు, అన్నలు, అక్కలు పోయారు. ఇంట్లో ఆయన నాన్నగారు, తాతయ్య. వీధిలో మాస్టారు. బ్యాంకులో సార్. ఆసుపత్రిలో ఒక నంబరు. ఆమె అయితే అమ్మమ్మ, అత్తయ్య, ఫలానా వాళ్ళమ్మ. సొంత పేరుతో పిలిచే నోరే లేదు. వాళ్ళను పదిహేడేళ్ళ వయసులో చూసినవారు, వాళ్ళు పాసయినప్పుడు గంతులేయడం, ఫెయిలయినప్పుడు ఏడవడం చూసినవారు ఇప్పుడు ఆ స్నేహితులు మాత్రమే. ఆ నలుగురిలో ఒకరు పోయారంటే, ఆ మనిషి యౌవనానికి సాక్షి ఒకరు పోయినట్టే. అందుకే ఆ ఫోను మోగితే పెద్దాయన భోజనం మధ్యలో లేచి వెళ్తారు. పిల్లలు దానికి విసుక్కోకూడదు.

బంధాలకూ ఆరోగ్యానికీ ఉన్న ముడిని లెక్క కట్టి చూసినవారు కూడా ఉన్నారు. అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయంవారు 1938లో అక్కడి రెండో ఏడాది విద్యార్థుల జీవితాలను గమనించడం మొదలుపెట్టారు. మొత్తం 268 మంది. తర్వాత ఆ దేశానికి అధ్యక్షుడైన జాన్ కెనడీ వారిలో ఒకరు. సుమారు రెండేళ్ళకోసారి ప్రశ్నల పత్రం పంపుతూ, వైద్యుల కాగితాలు చూస్తూ, ఇంటికి వెళ్ళి మాట్లాడుతూ వారిని ముసలితనం వరకు వెంబడించారు. బోస్టన్ నగరంలోని పేద పేటల కుర్రాళ్ళు 456 మందిని గమనించిన మరో అధ్యయనం కూడా దానితో కలిసింది. ఏభై ఏళ్ళ వయసులో ఎవరు తమ బంధాలతో తృప్తిగా ఉన్నారో, ఎనభై ఏళ్ళకు ఎక్కువ ఆరోగ్యంగా ఉన్నది వారేనని తేలినట్టు ఆ పరిశోధనకు పెద్దగా ఉన్న రాబర్ట్ వాల్డింగర్ గారు చెప్పారు. ముసలితనంలో ఎవరు బాగుంటారో ముందుగా సూచించడంలో కొలెస్టరాలు అంకె కంటే ఈ తృప్తే మెరుగ్గా పనికొచ్చిందట.

వారంతా మగవారు, అమెరికావారు. మన బతుకులకు అది అచ్చంగా సరిపోతుందని మేము అనడం లేదు. కానీ ఒక్క సంగతి మమ్మల్ని ఆపింది. ఆ మనుషులను ఎవరో ఒకరు క్రమం తప్పకుండా, "ఎలా ఉన్నావు? నిద్ర పడుతోందా? ఎవరితో మాట్లాడుతున్నావు?" అని అడుగుతూ వచ్చారు. మన పెద్దలను అలా అడిగేది ఎవరు?

కేంద్ర ప్రభుత్వ పెన్షను తీసుకునేవారిని అడగండి, చెబుతారు. ఏటా నవంబరు వచ్చిందంటే బతికే ఉన్నామని ధ్రువపత్రం ఇవ్వాలి. పూర్వం బ్యాంకుకు స్వయంగా వెళ్ళి సంతకం పెట్టేవారు. 2014లో జీవన్ ప్రమాణ్ వచ్చాక వేలిముద్రతో అయిపోతోంది. అది లేకపోతే పెన్షను ఆగుతుంది గనుక అందరూ గుర్తుపెట్టుకుని మరీ ఇస్తారు. ప్రభుత్వమే ఏడాదికోసారి "ఉన్నావా?" అని అడుగుతోంది. కలిసి తిన్న స్నేహితులు నెలకోసారైనా అడగవద్దా?

వాక్యంలోకి చూద్దాము. పౌలు గారు తిమోతికి రాసిన రెండవ పత్రిక చివరి అధ్యాయాన్ని మనం ఎక్కువగా ఆయన సాక్ష్యం కోసం చదువుతాము. మంచి పోరాటం గురించిన వచనం మీద ఎన్నో ప్రసంగాలు విన్నాము. ఆ తర్వాతి వచనాలను పైపైన చదివి వదిలేస్తాము. వాటిలో ఉన్నది ఏమిటి? పాత సహచరుల కబుర్లు. దేమా విడిచి వెళ్ళిపోయాడు. క్రేస్కే ఒకచోటికి, తీతు ఒకచోటికి వెళ్ళారు. లూకా ఒక్కడే దగ్గర ఉన్నాడు. ఎరస్తు కొరింథులో ఉండిపోయాడు. త్రోఫిముకు జబ్బు చేస్తే మిలేతులో విడిచి రావలసి వచ్చింది. ఇక తన సొంత అవసరాలు: త్రోయలో కర్పు ఇంట్లో ఉన్న అంగీ కావాలి, పుస్తకాలు కావాలి, మార్కును వెంటబెట్టుకు రావాలి, చలికాలం రాకముందే రావాలి.

చూడండి ప్రియులారా. మరణం దగ్గరపడిన పెద్దాయన రాసిన ఉత్తరంలో మంచి కబురూ ఉంది, చేదు కబురూ ఉంది. ఎవరు ఎక్కడున్నారో ఉంది. ఎవరికి జబ్బుగా ఉందో ఉంది. తనకు ఏం కావాలో మొహమాటం లేకుండా ఉంది. అన్నిటికంటే ముఖ్యంగా, "రా" అనే మాట ఉంది. కబురు అంటే ఇలా ఉండాలని మేము అంటాము. ఈ కొలత చేతిలో పెట్టుకుని మన గ్రూపులను చూసుకుందాము.

మొదటి కొరత: మరణ వార్త తప్ప మరే వార్తా సమయానికి రాదు. ఈ చుట్టుపక్కల ఒక ఊళ్ళో ఒక పెద్దాయన ప్రభువునందు నిద్రించారు. ఏడు నెలలు మంచం మీద ఉన్నారు. ఆ ఏడు నెలలూ వారి కాలేజీ గ్రూపులో రోజూ పూల బొమ్మలు వచ్చాయి. ఆయన జబ్బు సంగతి ఎవరూ అడగలేదు, ఆయనా చెప్పలేదు. పోయిన రోజు మాత్రం సాయంత్రంలోపు నలభైకి పైగా చేతులు జోడించిన బొమ్మలు, శ్రద్ధాంజలి మాటలు వచ్చాయి. జ్ఞాపకార్థ కూడిక రోజున ఆయన భార్య ఆ ఫోను మా చేతికిచ్చి, "వీళ్ళంతా ఎవరండీ అయ్యగారూ? ఎవరూ రాలేదు కదా" అన్నారు. ఆ జాబితాలో ఇద్దరు పన్నెండు కిలోమీటర్ల దూరంలోనే ఉంటారు. వారు చెడ్డవారని మేము అనము. బొమ్మ పెట్టగానే పని అయిపోయిందని మనసు సర్దుకుంటుంది. ఫోను చేసే దారుణమైన మేలు ఇది: వెళ్ళకుండానే వెళ్ళినట్టు అనిపిస్తుంది.

రెండో కొరత: జబ్బును దాచడం, ఓటమిని దాచడం. గ్రూపులో గట్టిగా వినిపించేవి కొందరి కబుర్లే. కొడుకు అమెరికాలో ఇల్లు కొన్నాడు, మనవరాలికి మెడికల్ సీటు వచ్చింది. సంతోషమే, చెప్పుకోవలసినదే. కానీ కొడుకు వ్యాపారం మునిగి ఊళ్ళో పొలం అమ్ముకున్నవాడు ఏం రాస్తాడు? కూతురు పుట్టింటికి తిరిగివచ్చిన తండ్రి ఏం రాస్తాడు? వృద్ధాశ్రమంలో చేరిన స్నేహితురాలు ఏ ఫోటో పెడుతుంది? వాళ్ళు మౌనంగా ఉండిపోతారు. ఒకరోజు చడీచప్పుడు లేకుండా గ్రూపులోంచి బయటికి పోతారు. గ్రూపు నడిపేవారికి మాత్రం 'ఫలానావారు నిష్క్రమించారు' అని ఒక చిన్న గీత కనబడుతుంది. ఆ గీతే అసలైన కబురు. దాన్ని చూసి ఫోను చేసినవాడే స్నేహితుడు.

ఎపఫ్రొదితు సంగతి గుర్తు చేసుకోండి. ఫిలిప్పీ సంఘంవారు అతన్ని పౌలు దగ్గరకు పంపారు. అక్కడ చావుకు దగ్గరైనంత జబ్బు చేసింది. ఆ కబురు ఫిలిప్పీకి చేరింది. తన జబ్బు సంగతి వాళ్ళకు తెలిసిందే అని అతను మనసులో బాధపడ్డాడట. మన పెద్దలు అచ్చం ఇలాగే ఉంటారు. "వాళ్ళను ఎందుకు కంగారు పెట్టడం" అంటారు. పౌలు గారు ఏం చేశారు? జబ్బును కప్పిపెట్టలేదు. జబ్బు చేసిందన్నారు, దేవుడు కనికరించాడన్నారు, మీరు కళ్ళారా చూసి సంతోషించండని మనిషినే వెనక్కి పంపారు. జబ్బు కబురు చెప్పినవారు నయమైన కబురు కూడా చెప్పాలని ఇక్కడ మనకు అర్థమవుతోంది. ఆపరేషనుకు వెళ్తున్నారని ప్రార్థన మనవి పెడతాము. ఇంటికి వచ్చారని చెప్పడం మరిచిపోతాము. సగం కబురు మనుషుల్ని సగం రాత్రి మేలుకొలిపి ఉంచుతుంది.

బర్జిల్లయి అనే ఎనభై ఏళ్ళ పెద్దాయన కూడా మనకు నేర్పుతాడు. దావీదు రాజు తనతో యెరూషలేముకు రమ్మన్నప్పుడు ఆయన ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. తిన్నదాని రుచి తెలియడం లేదు, పాటలు సరిగ్గా వినబడడం లేదు, నీకు భారం కాలేను అన్నాడు. సిగ్గుపడలేదు. అంతటితో ఊరుకోకుండా, తన బదులు కింహామును తీసుకువెళ్ళమన్నాడు. పెద్దలారా, మీ స్నేహితులకు మీ పిల్లల్ని పరిచయం చేయండి. మీ చెవి వినబడని రోజున, మీ చూపు మందగించిన రోజున కబురు నడిపేది వాళ్ళే.

మూడో కొరత మమ్మల్ని ఎక్కువ కలవరపెట్టింది. మనిషి పోయిన కొద్ది రోజులకు ఆ నంబరును గ్రూపులోంచి తీసేస్తున్నారు. లెక్క ప్రకారం సభ్యుడు లేడు గనుక తీసేశామంటారు. ఆ ఫోను ఇప్పుడు ఎవరి చేతిలో ఉంది? పైన చెప్పిన ఆ తల్లి చేతిలోనే ఉంది. భర్త స్నేహితులు ఆయన గురించి రాసిన మాటలు ఆమె రోజూ రాత్రి చదువుకుంటోంది. కాలేజీ రోజుల ఫోటో ఎవరో పెడితే అందులో ఆయన్ను వెతికి పట్టుకుని మనవలకు చూపించింది. ఒక పొద్దున చూస్తే తీసేశారని ఉంది. "నేనేం తప్పు చేశానండీ?" అని అడిగింది. మా దగ్గర జవాబు లేకపోయింది.

పౌలు గారు రోమీయులకు రాసిన పత్రిక చివర ఇరవైకి పైగా పేర్లు పెట్టి వందనాలు చెప్పారు. అందులో రూఫుకు చెప్పి ఊరుకోకుండా, అతని తల్లికీ చెప్పారు. ఆమె తనకూ తల్లేనన్నారు. స్నేహితుడి ఇల్లంతా స్నేహమే అన్నమాట. కాబట్టి గ్రూపులు నడిపే పెద్దలకు మా మనవి ఇది: పోయినవారి నంబరు తీసేముందు ఆ ఇంటికి ఫోను చేయండి. "అమ్మా, ఉంటారా?" అని అడగండి. ఉంటానంటే ఉండనివ్వండి. వద్దంటే ఆమె నంబరు వేరే రాసిపెట్టుకుని, పండక్కి, ఆయన జ్ఞాపకం రోజున పలకరించండి. భర్త పోయిన స్త్రీకి పెన్షను కాగితాల దగ్గర, బ్యాంకు నామినీ పని దగ్గర సాయపడగలిగేది చాలాసార్లు ఆయనతో చదువుకుని బ్యాంకులోనో ట్రెజరీలోనో పనిచేసి రిటైరైన ఆ స్నేహితుడే. అదే మాట భార్యను పోగొట్టుకున్న భర్తకూ వర్తిస్తుంది.

మేము ఇలా అంటే కొందరు పెద్దలు అడ్డు చెప్పారు. వారి మాటలోనూ న్యాయం ఉంది గనుక ఇక్కడ రాస్తున్నాము. "అయ్యగారూ, మా వయసులో రోజూ జబ్బులూ చావులూ చదువుతుంటే గుండె బరువెక్కుతుంది. నవ్వుకోవడానికే ఆ గ్రూపు పెట్టుకున్నాము" అన్నారు ఒకరు. నవ్వు తప్పనిసరిగా ఉండాలి. పాత లెక్చరరు గారి నడక, మెస్సులో సాంబారు, సినిమాకు గోడ దూకిన రాత్రి, అవన్నీ మాట్లాడుకోవాలి. అందుకే జబ్బు సంగతి అందరి ముందూ పెట్టనవసరం లేదని మేము అంటాము. దగ్గరివారు ఇద్దరు ముగ్గురికి తెలిస్తే చాలు, వారు వెళ్ళాలి.

"మా జబ్బు నలుగురికీ తెలియడం మా పిల్లలకు ఇష్టం ఉండదు" అన్నారు మరొకరు. అదీ నిజమే. ఏ కబురు చెప్పవచ్చో, ఎవరికి చెప్పవచ్చో ఆ మనిషినే అడగాలి. అడగకుండా ఒకరి రిపోర్టు ఫోటో తీసి గ్రూపులో పెట్టడం ప్రేమ అనిపించుకోదు.

"మేమే కదలలేకపోతున్నాము, ఎక్కడికి వెళ్ళగలము?" అన్నారు ఇంకొకరు. వెళ్ళలేనివారు ఫోను చేయవచ్చు. చూపు సరిగా లేనివారికి రాత కంటే గొంతు రికార్డు చేసి పంపడం మేలు. అదీ చాలదనుకుంటే దగ్గరలో ఉన్న స్నేహితుడిని వెళ్ళమనండి. హైదరాబాదులో ఉన్నవారు, బెంగళూరులో ఉన్నవారు, మీ స్నేహితుడు మన ప్రాంతంలో ఒంటరిగా ఉంటే మాకు చెప్పండి. వారు ఏ సంఘంవారైనా, ఏ మతంవారైనా మేము గానీ మన యౌవనస్థులు గానీ వెళ్ళి చూసివచ్చి మీకు కబురు చెబుతాము. పౌలు గారి సంగతులన్నీ కొలొస్సయులకు తెలియజెప్పడానికి తుకికు వెళ్ళాడు. అది చిన్న సేవ అని ఎవరూ అనలేదు.

ఇక పద్ధతి సంగతి. మన సంఘంలో రిటైరైన ఒక టీచరమ్మగారు ఉన్నారు. ఆమె ఏ గ్రూపూ నడపరు. ఒక రెండు వందల పేజీల నోట్‌బుక్ ఉంది. తనతో చదివినవారి పేర్లు, ఇప్పటి ఊరు, ఫోను నంబరు, పిల్లల్లో ఒకరి నంబరు రాసుకున్నారు. మధ్యాహ్నం భోజనమయ్యాక రోజుకు ఇద్దరికి ఫోను చేస్తారు. చేసిన తేదీ వేసుకుంటారు. చదువు మధ్యలో మానేసినవారి పేర్లు కూడా అందులో ఉన్నాయి, స్మార్ట్‌ఫోన్ లేనివారివీ ఉన్నాయి. పాసయినవారే బ్యాచి అనే లెక్క ఆమెకు లేదు. ఎవరైనా రెండుసార్లు ఫోను ఎత్తకపోతే పిల్లల నంబరుకు చేస్తారు. ఒకసారి అలా చేసినందువల్లే, స్నానాలగదిలో జారిపడి లేవలేక ఉన్న స్నేహితురాలి సంగతి పక్క వీధిలోని కొడుక్కి తెలిసింది. ఒక నోట్‌బుక్, ఒక పెన్ను, రోజుకు పావుగంట. ఇంతకంటే పెద్ద ఏర్పాటు ఏదీ అవసరం లేదు.

పిల్లల్లో ఒకరి నంబరు రాసుకోవడం వల్ల ఇంకో మేలు ఉంది. ఈ రోజుల్లో దొంగలు ఒకరి వాట్సాప్‌ను చేజిక్కించుకుని, "ఆసుపత్రిలో ఉన్నాను, వెంటనే డబ్బు పంపు" అని స్నేహితులకు రాస్తున్నారు. పెద్దల మనసు మెత్తన, వెంటనే పంపేస్తారు. అలాంటి మాట వస్తే పంపకముందు ఫోను చేసి గొంతు వినండి, లేదా పిల్లలను అడగండి. పొరపాటున డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930 నంబరుకు చెప్పాలి. ఒంటరిగా ఉన్న పెద్దలకు ఏ ఇబ్బంది వచ్చినా ప్రభుత్వంవారి 14567 నంబరు ఉంది. అలాగే, గ్రూపులో వచ్చిన చిట్కా చదివి బి.పి. మాత్ర, షుగరు మాత్ర ఎవరూ మానవద్దు. అది కబురు కాదు, గాలివార్త.

యౌవనస్థులకు ఒక మాట. మీ నాన్నగారి ఫోనులో అక్షరాలు పెద్దవి చేసి ఇవ్వండి. పాత స్నేహితుడి కొత్త నంబరు వెతికి పెట్టండి. ఆదివారం ఆరాధన అయ్యాక బండి మీదో కారులోనో ఎక్కించుకుని, పన్నెండు కిలోమీటర్లు తీసుకువెళ్ళి, వాళ్ళిద్దరినీ ఒక గంట వదిలేసి బయట కూర్చోండి. లోపలి నుంచి "ఏరా" అని ఒక కేక వినబడుతుంది. మీ తండ్రి మీరు ఎన్నడూ చూడని నవ్వు నవ్వుతాడు. ఆ గంట ఖరీదు తర్వాత మీకే తెలుస్తుంది.

పెద్దలారా, ఈ వారం మీరు చేయవలసినది ఒక్కటే. మీతో చదువుకున్నవారిలో చాలాకాలంగా మాట రానివారిని ఒక్కరిని తలచుకోండి. బొమ్మ పంపవద్దు. ఫోను చేసి, పాత పేరుతో పిలిచి, "ఎలా ఉన్నావు?" అని అడగండి. బాగానే ఉన్నాను అంటే నమ్మేసి పెట్టేయకుండా, మళ్ళీ అడగండి. రెండోసారి అడిగినప్పుడే మనుషులు నిజం చెబుతారు. దగ్గరలో ఉంటే వెళ్ళండి. వెళ్ళలేకపోతే మాకు చెప్పండి.

చలికాలం రాకముందే రమ్మని పౌలు గారు రాశారు. మనలో ఎవరికి ఎన్ని చలికాలాలు మిగిలాయో దేవునికే తెలుసు. కనుక ఉన్నప్పుడే వెళ్దాము. ప్రభువు మీ వృద్ధాప్యాన్ని స్నేహంతో నింపును గాక. ఆమేన్.